ఆదివారంతో మొదలయ్యే సర్వరు

మార్చి 3, సోమవారం

కొత్తావిడ ప్రోగ్రాం ఈ రోజు సర్వరు మీద నిలబడలేదు. పరీక్షగా మూడుసార్లు సర్వరు మీదకు డిప్లాయ్ చేశాను. మూడుసార్లూ పదకొండో సెకనులో పడిపోయింది. ఆమె డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్‌లో అదే ప్యాకేజీ నిక్షేపంగా నడుస్తోంది. ఇందులో వింత ఏమీ లేదు. ఆమె మెషీన్ మీద ఉన్నదంతా ఈ ఏటి సరుకు. నా సర్వరు వయసు పదకొండేళ్ళు. ప్రోగ్రాం వాడుకునే కొత్త లైబ్రరీ పిలిచే పిలుపులు కొన్ని పాత సర్వరుకు తెలియవు. తెలియని పిలుపుకు అది పలకదు, పడిపోతుంది.

ఆమె నా బల్ల దగ్గరకు వచ్చి, నా దగ్గర నడిచింది సార్, ఒట్టు, అంది. నడవలేదని నేననలేదే అన్నాను. కుర్చీ లాగి కూర్చోబెట్టి సర్వరు రాసుకునే లాగ్ చదివే పద్ధతి చూపించాను. కింది నుంచి పైకి చదవాలి. పైన వినిపించేది ఏడుపు. దెబ్బ తగిలిన చోటు అడుగున ఉంటుంది.

సాయంత్రానికి రెండు లైబ్రరీలను పాత వెర్షన్లకు దించింది. ప్రోగ్రాం నిలబడింది. ఆమె చప్పట్లు కొట్టబోయి, చుట్టూ చూసి, చేతులు ముడుచుకుంది.

మార్చి 4, మంగళవారం

ఆమెకు నలభై నాలుగేళ్ళు. మంచాన పడిన అత్తగారిని తొమ్మిదేళ్ళు చూసుకుని, ఆవిడ పోయాక మళ్ళీ ఉద్యోగంలోకి వచ్చింది. ఆరు నెలల ప్రొబేషన్ ఈ నెలాఖరుతో పూర్తవుతుంది. ఈ ప్రోగ్రాం గట్టెక్కితే పర్మనెంట్. గట్టెక్కకపోతే, తొమ్మిదేళ్ళ గ్యాప్ మీద ఇంకో మచ్చ కూడా పడితే ఇక ఈ వయసులో నన్నెవరు పిలుస్తారు సార్, అని నవ్వుతూనే అంది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. కష్టం చెప్పేటప్పుడు నవ్వడం అలవాటైనవాళ్ళు చాలాకాలం ఎవరికీ చెప్పుకోలేదని అర్థం.

ప్రోగ్రాం ఒక డయాలిసిస్ సెంటర్ కోసం. ఎవరు ఏ రోజు రావాలి, ఎవరికి ఏ కుర్చీ, వ్యాను ఎవరి ఇంటికి ఎన్నింటికి వెళ్ళాలి, అదంతా వారం జాబితా. పాత ప్రోగ్రాంలో అక్కడి హెడ్ నర్సు, పెద్ద సిస్టర్, ఒక్కొక్క తేదీ చేత్తో కొట్టేది. ఇకమీదట ప్రతి సోమవారం వారం మొత్తాన్నీ ప్రోగ్రామే పంచుతుంది.

మార్చి 6, గురువారం

మా దగ్గర పద్ధతి ఇది. ప్రోగ్రాం రాసినవాళ్ళు గురువారం ప్యాకేజీ ఇస్తారు. శుక్రవారం నేను సర్వరు మీద పెడతాను. సర్వరు పాస్‌వర్డ్ నా ఒక్కడి దగ్గరే ఉంటుంది. ప్యాకేజీతో పాటు నలభై గళ్ళ షీట్ ఒకటి నింపాలి. డెవలప్‌మెంట్ వైపు ఏ వెర్షన్, సర్వరు వైపు ఏ వెర్షన్, రెండూ సరిపోతాయా లేదా. ఆ షీట్ తయారు చేసింది నేనే. సర్వరు మీద ఎప్పుడు ఏది మార్చినా మార్పుల పుస్తకంలో తేదీ, గంట వేసి రాస్తాను. అందుకే ఆఫీసులో నా పేరు పంచాంగం. ముందర అనరు. ముందర గురువుగారు అంటారు.

మధ్యాహ్నం కొత్తావిడ చాట్‌లో అడిగింది. వెర్షన్లు సరే సార్, సర్వరు సొంత సెట్టింగ్స్ కూడా నా దగ్గర ఉన్నవీ ఒకటేనా, భాష, తేదీ, టైము లాంటివి?

ఒకటే అని జవాబిచ్చాను.

మార్చి 7, శుక్రవారం

ఉదయం 10:15కు డిప్లాయ్ చేశాను. 10:16కు స్క్రీను మీద పచ్చ వెలిగింది. సోమవారం నుంచి అసలు వాడకం. కొత్తావిడ అందరికీ బిస్కెట్లు పంచింది. మేనేజరు రెండు తీసుకుని, ఇదేంటి మేడమ్, శుభకార్యానికి ముందే విందు పెట్టేస్తున్నారు, అన్నాడు.

మార్చి 9, ఆదివారం

కుండీల్లో మట్టి మార్చాను. నడుము నొప్పి.

మార్చి 14, శుక్రవారం

వారమంతా ఒక్క ఫిర్యాదు లేదు. పెద్ద సిస్టర్ ఫోన్ చేసి, వేళ్ళకి విశ్రాంతి దొరికింది, ఆ అమ్మాయెవరో చల్లగా ఉండాలి, అందట. మేనేజరు ఆ మాట కొత్తావిడకు చెప్పలేదు. నేను చెప్పాను. అమ్మాయి అన్నారా సార్, అని అదొక్కటే రెండుసార్లు అడిగింది.

మార్చి 16, ఆదివారం

రాయదగినది ఏమీ జరగలేదు.

మార్చి 17, సోమవారం, ఉదయం 11:00

నిన్న వ్యాను ఎవరింటికీ వెళ్ళలేదు.

ఆదివారం వంతు ఉన్నవాళ్ళు ఏడుగురు. జాబితాలో నిన్నటి తేదీ కింద ఒక్క పేరూ లేదు. పేర్లు లేకపోతే డ్రైవరు సెలవు అనుకున్నాడు. ఏడుగురిలో ఆరుగురు ఫోన్లు చేసి, ఆటోలు పట్టుకుని, పోట్లాడి ఎలాగో వచ్చిపడ్డారు. ఏడో ఆయన దర్జీ. అరవై ఒక్క ఏళ్ళు, ఒంటరి మనిషి. ఈ ఉదయం పైవాటాలో ఉండేవాళ్ళు కిందికి దిగుతూ, తెరిచిన తలుపు దగ్గర కుర్చీలో ఊపిరి అందక తల వాల్చేసిన మనిషిని చూశారు. ఒళ్ళో సంచి అలాగే ఉందట. ఊపిరితిత్తుల్లో నీరు. ఇప్పుడు హాస్పిటల్‌లో ఉన్నాడు.

మేనేజరు అందరి ముందూ కొత్తావిడతో, మీ ప్రోగ్రాం ఇంట్లో పులి, వీధిలో పిల్లి అయింది మేడమ్, అన్నాడు. ఎవరో నవ్వారు కూడా. దర్జీ సంగతి ఆ నవ్వినవాడికి అప్పటికి తెలియదనుకుంటాను. అలా అనుకోవాలని ఉంది.

అదే రోజు, సాయంత్రం 4:30

ఆమె మెషీన్ మీద పోయిన వారం జాబితా మళ్ళీ తీయించాను. ఏడుగురూ 16వ తేదీ కింద ఉన్నారు. సర్వరు మీద తీశాను. ఏడుగురూ 9వ తేదీ కింద ఉన్నారు. జాబితా పుట్టింది 10న. అంటే సర్వరు ఆ ఏడుగురినీ అయిపోయిన ఆదివారానికి రాసింది. ఎర్రగా ఏదీ మెరవలేదు. లాగ్‌లో ఏడుపూ లేదు, దెబ్బా లేదు. పడిపోయే ప్రోగ్రాం మంచిది. పడకుండా తప్పు చెప్పేదే ప్రాణాంతకం.

కొత్తావిడ ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత మెల్లగా, సార్, మీ సర్వరుకి వారం ఏ రోజు మొదలవుతుంది, అని అడిగింది.

చూస్తానన్నాను.

మార్చి 18, మంగళవారం, ఉదయం 10:20

చూశాను.

సర్వరు స్టార్టప్ ఫైల్‌లో, పద్నాలుగో లైను. వారం ఆదివారంతో మొదలు అని చెప్పే లైను. దాని పైన ఒక వ్యాఖ్య: తాత్కాలికం, పెద్ద సిస్టర్ క్యాలెండర్ కోసం. దాని పక్కన తేదీ, పదకొండేళ్ళ కిందటిది. తేదీ పక్కన పొడి అక్షరాలు. నావి.

జ్ఞాపకం వచ్చింది. సర్వరు పెట్టిన కొత్త. పెద్ద సిస్టర్‌కు స్క్రీను మీద క్యాలెండరు, తన గోడ మీది క్యాలెండరులాగే ఆదివారంతో మొదలుకావాలి. చిన్న కోరిక. ఒక్క లైనుతో తీర్చాను. పాత ప్రోగ్రాం ఒక్కొక్క తేదీ మీద నడిచేది కనుక వారం ఎప్పుడు మొదలైనా దానికి ఒకటే. కొత్తది వారాల మీద నడుస్తుంది. ఆమె మెషీన్‌కు వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. నా సర్వరుకు ఆదివారంతోనే మొదలు. ఈ వారపు ఆదివారం అని అడిగితే ఒకటి రాబోయేది చూపిస్తుంది, ఇంకొకటి గడిచినది చూపిస్తుంది.

నా నలభై గళ్ళ షీట్‌లో దీనికి గడి లేదు. ఉన్న గళ్ళు కూడా నేను నిజంగా నింపలేదు. పోయినసారి షీట్ కాపీ చేసి తేదీ మార్చాను. ఆమె అడిగినప్పుడు ఫైలు తెరవలేదు. నేను పెట్టిన సర్వరును నేనే మళ్ళీ చూడడమెందుకు అనుకున్నాను.

లైను తీసేశాను. సర్వరు ఆపి మళ్ళీ లేపాను. ఏడుగురూ 23వ తేదీ కిందికి వచ్చి కూర్చున్నారు.

మార్పుల పుస్తకం తెరిచాను. తేదీ వేశాను. గంట వేశాను. పెన్ను మూసేశాను.

అదే రోజు, మధ్యాహ్నం 12:40

మేనేజరు, ఎక్కడ దొరికింది గురువుగారూ, అని అడిగాడు. ఎన్విరాన్‌మెంట్ తేడా అన్నాను. అక్షరం పొల్లు పోకుండా నిజం. ఎవరి ఎన్విరాన్‌మెంట్ అని అతను అడగలేదు. తనకు తెలుసుననుకున్నాడు. నేను దిద్దలేదు.

మార్చి 19, బుధవారం

మీటింగ్. మేనేజరు, టెస్టింగ్ సరిగా చెయ్యకపోతే ఇలాగే ఉంటుంది, ఒక మనిషి ప్రాణం మీదకొచ్చింది, బాధ్యత ఎవరిది, అని బల్ల చుట్టూ చూశాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. తడుముకోని దొంగలూ ఉంటారు. వాళ్ళకు సర్వీసు ఎక్కువ.

కొత్తావిడ నా వైపు చూసింది. ఆమె ఫోను బల్ల మీదే ఉంది. చాట్ తెరిచి నా ఒక్క మాట చూపిస్తే చాలు. చూపించలేదు. చూసి, తల దించుకుని, నీళ్ళ గ్లాసు అడుగున చేరిన తడిని వేలితో తుడిచింది.

ముందు పూర్తిగా నిర్ధారించుకోవాలి. తొందరపాటు నా వృత్తిలో పనికిరాదు.

మార్చి 20, గురువారం

పై రెండు వాక్యాలు మళ్ళీ చదివాను. నిర్ధారించుకోవలసింది ఏమీ లేదు.

మార్చి 21, శుక్రవారం

లంచ్ టైములో హాస్పిటల్‌కు వెళ్ళాను. దర్జీ దిండుకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్ళు ఇంకా వాచే ఉన్నాయి. నన్ను వ్యాను ఆఫీసు మనిషి అనుకున్నాడు. కాదని చెప్పలేదు. ఫోన్ చెయ్యలేదేమండీ అని అడిగాను. ఆదివారం కదా బాబూ, మీకూ పిల్లాజెల్లా ఉంటారు, ఓ గంట అటూ ఇటూ అవుతుందిలే అనుకున్నా, ఊరికే ఫోన్లు చేస్తే విసుక్కుంటారు, అన్నాడు. సాయంత్రం దాకా అలాగే అనుకున్నాడట. తర్వాత లేచే ఓపిక లేకపోయిందట.

నేను లేస్తుంటే నా చొక్కా వైపు చూసి, మూడో గుండీ వేలాడుతోంది, ఇంటికెళ్ళాక తెచ్చివ్వండి, కుట్టిపెడతా, అన్నాడు.

తిరిగి వచ్చేసరికి కొత్తావిడ కుర్చీ ఖాళీగా ఉంది. బ్యాంకు పనేమో అనుకున్నాను.

మార్చి 22, శనివారం

నా భార్య మందుల షాపులో ఫార్మసిస్టు. ముప్ఫై ఏళ్ళుగా ఇతరుల రాత చదివి బతికే మనిషి. ఈ ఉదయం నా ముఖం చదివింది. ఎన్నాళ్ళ నుంచండీ ఈ అజీర్తి, అంది. అంతా చెప్పాను. పద్నాలుగో లైనుతో సహా.

తిట్టలేదు. తాత్కాలికం అని మీరు కట్టిన తాడు మీదే పెరట్లో ఇప్పటికీ బట్టలారేస్తున్నా, అంది. తర్వాత, నేను ఒక సీసాలో మందు ఇంకో సీసాలో పోసి, మర్నాడు ఎవరూ చూడకుండా కడిగేస్తే నన్నేమంటారు, అని అడిగింది. పొరపాటు అంటాను అన్నాను. పొయ్యడం పొరపాటేనండీ, కడగడాన్నేమంటారు, అంది.

సోమవారం చెప్తానన్నాను. మీ సోమవారం వారానికి మొదలో చివరో చూసుకుని మరీ చెప్పండి, అని షాపుకు వెళ్ళిపోయింది.

మార్చి 24, సోమవారం, ఉదయం 9:40

మేనేజరుకు చెప్పాను. నిలబడే చెప్పాను.

కొత్తావిడను శుక్రవారమే పంపేశారు. నేను హాస్పిటల్‌లో ఉన్న గంటలో. బ్యాంకు పని కాదు.

మేనేజరు నన్ను చూసిన చూపు నేను బతికుండగా మరచిపోను. కోపం కాదు. జాలి, గౌరవం. గురువుగారూ, జూన్‌లో రిటైరయ్యే మనిషి, పరాయివాళ్ళ పాపం మీ నెత్తినేసుకోవడమెందుకండీ, మీది మరీ మెత్తటి మనసు, అన్నాడు. నిజం చెప్తున్నానన్నాను. అయితే ఆ లైను చూపించండి, అన్నాడు. తీసేశానన్నాను. పోనీ మార్పుల పుస్తకంలో ఉంటుందిగా, మీరు తుమ్మినా రాస్తారు, అన్నాడు. పుస్తకంలో తేదీ ఉంది, గంట ఉంది, వాటి తర్వాత తెల్ల కాగితం ఉంది.

ఇరవై తొమ్మిదేళ్ళు కూడబెట్టిన మంచిపేరు నా మాటను నమ్మనివ్వలేదు.

అదే రోజు, మధ్యాహ్నం 3:00

ప్రతి శుక్రవారం సర్వరుకు కాపీ తీసి నాలుగు వారాలు ఉంచడం నా అలవాటు. 14వ తేదీ కాపీలో పద్నాలుగో లైను ఉంది, వ్యాఖ్యతో, పొడి అక్షరాలతో. ప్రింటు తీసి మేనేజరు ముందు పెట్టాను. చాట్‌లో నా జవాబు కూడా.

ఈసారి నమ్మాడు. జాలీ గౌరవమూ రెండూ పోయాయి. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చావు కబురు చల్లగా తెచ్చారు గురువుగారూ, అన్నాడు. ప్రోగ్రామర్ తప్పు, తొలగించాం అని శుక్రవారమే రిపోర్టు తన సంతకంతో సెంటరుకు వెళ్ళిపోయింది. ఇప్పుడు, అది కాదు, తప్పు మా సర్వరులో పదకొండేళ్ళుగా నిద్రపోతోంది అని రాస్తే, ఇంకా ఏమేం నిద్రపోతున్నాయో లెక్క చెప్పమంటారు. ఆవిడకి వేరే ఎక్కడో దొరుకుతుందిలెండి, అన్నాడు. దొరకదని అతనికి తెలుసు. ప్రొబేషన్ మధ్యలో పంపిన కారణం కాగితం మీద ఉంటుంది.

మార్చి 25, మంగళవారం

ఆ రెండు ప్రింట్లనూ నా పేరుతో, అయిదు వాక్యాల ఉత్తరంతో, పెద్ద సిస్టర్‌కూ మా యజమానికీ పంపాను.

పెద్ద సిస్టర్ ఫోన్ చేసింది. ఏం క్యాలెండరండీ, అని నిజంగానే అడిగింది. గుర్తు చేశాను. అయ్యో, ఆ స్క్రీను మరుసటి ఏడే తీసేయించాం కదా, కళ్ళకి కనపడట్లేదని, అంది. అంటే ఆ లైను పదేళ్ళుగా ఎవరి కోసమూ లేదు. తర్వాత గొంతు మార్చి, ఆ అమ్మాయిని నేనూ తిట్టుకున్నానండీ, నోటికొచ్చినట్టు, అంది. తమ డైరెక్టరు దగ్గర ఫైలు మూసేశారనీ, మూసిన ఫైలు తెరిచే అలవాటు ఆయనకు లేదనీ చెప్పింది. దర్జీని రేపు ఇంటికి పంపిస్తున్నారట.

మార్చి 26, బుధవారం

యజమాని నుంచి ఒక వాక్యం. నన్ను జూన్ దాకా సెలవులో ఉండమన్నారు. పాస్‌వర్డ్ మేనేజరుకు అప్పగించాను. షీట్‌లో నలభై ఒకటో గడి చేర్చాను: వారం మొదటి రోజు. ఇదెందుకండీ, వెర్షన్ కూడా కాదు, అని అడిగాడు. ఉంచమన్నాను. ఉంచుతాడని నమ్మకం లేదు.

కొత్తావిడ విషయంలో ఆ వాక్యంలో ఏమీ లేదు.

మార్చి 27, గురువారం

ఆమె ఇంటికి వెళ్ళాను. రెండో అంతస్తు. చిన్న గది, ఒక గోడ పొడవునా పుస్తకాలు, కిటికీ దగ్గర మడత మంచం నిలబెట్టి ఉంది. అత్తగారిదేమో. అడగలేదు. మంచినీళ్ళిచ్చింది.

ప్రింట్లు ఇచ్చాను. ప్రోగ్రాం సరైనదేనని, తప్పు సర్వరుదని, సర్వరు నాదని చేతిరాతతో రాసి సంతకం చేసిన కాగితం ఇచ్చాను. ఇంటర్వ్యూల్లో చూపించుకోవచ్చు అన్నాను. ఆమె చదివింది, కింది నుంచి పైకి.

సార్, ఈ సంతకానికి పోయిన వారం బుధవారం, మీటింగ్ రోజున విలువుండేది, అంది.

మీటింగ్‌లో చాట్ ఎందుకు చూపించలేదని అడిగాను. ఆరు నెలల మనిషి ఫోన్ ఎత్తి పంచాంగం తప్పు అంటే ఎవరు నమ్ముతారు సార్, అంది. ఆ పేరు నా ముందర అన్నది ఆమె ఒక్కతే. తర్వాత నవ్వకుండా చెప్పింది. మీరే చెప్తారనుకున్నా. సోమవారం నేనడిగినప్పుడే మీకు అర్థమయ్యుంటుందనుకున్నా. మంగళవారం చూశా, బుధవారం చూశా, గురువారం చూశా. నాకు లాగ్ చదవడం నేర్పింది మీరు కదా.

కాగితం తిరిగి ఇవ్వలేదు. రెండుగా మడిచి ఒక పుస్తకంలో పెట్టింది. ఏ పుస్తకమో చూడలేదు.

మార్చి 30, ఆదివారం, ఉదయం 6:10

వ్యాను ఏడింటికి. ముందే వెళ్ళి దర్జీ వీధి మొదట్లో నిలబడ్డాను. ఆయన కుర్చీ ఇప్పుడు గుమ్మం దాటి మెట్టు మీదకు వచ్చింది. ఒళ్ళో సంచి. అయిదింటి నుంచీ కూర్చున్నాడట.

నన్ను గుర్తుపట్టాడు. గుండీ ఇంకా అలాగే ఉందే, అన్నాడు. తర్వాత వీధి చివరి దాకా చూసి, ఇవాళ ఆదివారమేనా బాబూ, అని అడిగాడు.

జవాబు చెప్పే ముందు ఫోను తీసి చూశాను.